అస్థికలు దొరకని జవాను: పెత్రమాస బియ్యం నుంచి డీఎన్ఏ ఫైలు దాకా

ఈ కేసులో మా ముందు ఒక్క ఎముక ముక్క కూడా లేదు. మామూలుగా బంధుత్వ డీఎన్ఏ పని చేసే మాలాంటివాళ్ల దగ్గరికి ముందు అవశేషాలు వస్తాయి, అవి ఎవరివో చెప్పమని పోలీసులో కోర్టో అడుగుతారు. ఇక్కడ మనిషి పేరు తెలుసు, ఊరు తెలుసు, ఆర్మీ నంబరు తెలుసు. 1971 డిసెంబర్‌లో ఆయన ఏమయ్యాడో మాత్రం తెలియదు. ఎప్పుడైనా ఎక్కడైనా ఆయన అవశేషం బయటపడితే, ఇది ఈయనదేనని గట్టిగా చెప్పడానికి కావలసినదంతా ఇప్పుడే సిద్ధం చేసిపెట్టాలి. ఆ కుటుంబం కోసం మేం ఒప్పుకున్న పని అది.

కుటుంబం అనుమతితో రాస్తున్నాను. పేర్లు, ఊరు, యూనిట్ రాయను. జవాను, అక్క, తమ్ముడు, భార్య, కూతురు అనే చెబుతాను. కేసు మొత్తం ఆ వరసల చుట్టూనే తిరిగింది.

కాగితాలు చెప్పింది

మా దగ్గరికి వచ్చింది కూతురు. మల్కాజిగిరిలో ఉంటుంది, బ్యాంకు ఉద్యోగం, యాభై దాటాయి. తండ్రి కనిపించకుండా పోయేనాటికి ఆమెకు ఇంకా మాటలు పూర్తిగా రాలేదు. ఆయన ఈఎంఈలో, అంటే సైన్యానికి బండ్లు, తుపాకులు, రేడియోలు బాగుచేసే విభాగంలో వెహికల్ మెకానిక్. సికింద్రాబాద్‌లో శిక్షణ పొంది, యుద్ధం నాటికి జమ్మూ వైపు ఛంబ్ సెక్టార్‌లో ఒక యూనిట్ వెంట ఉన్నాడు.

ఛంబ్ సంగతి తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు. 1971 డిసెంబర్ 3న పడమటి సరిహద్దులో యుద్ధం మొదలైంది, ఆ రాత్రే ఛంబ్ మీద పెద్ద దాడి జరిగింది. మనవాళ్లు గట్టిగానే పోరాడారు. కానీ డిసెంబర్ 6 రాత్రి మునావర్ తావి నది దాటి తూర్పు గట్టుకు వెనక్కి రావలసి వచ్చింది. 1972 జూలైలో సిమ్లా ఒప్పందం, ఆ ఏడాది డిసెంబర్‌లో నియంత్రణ రేఖ గీత. ఛంబ్ అవతలే ఉండిపోయింది. అంటే మనిషి చివరిసారి కనిపించిన నేల మీద వెతికే అవకాశం మన సైన్యానికి ఆ తర్వాత రానేలేదు. తూర్పున ఢాకాలో 90 వేలమందికి పైగా పాకిస్తానీలు లొంగిపోయిన గెలుపు కథ మనందరికీ కంఠతా వచ్చు. అదే యుద్ధంలో పడమట చేజారిన ఆ కాస్త నేలలో కొన్ని కుటుంబాల ప్రశ్నలు ఇరుక్కుపోయాయి.

కూతురు తెచ్చిన ప్లాస్టిక్ కవర్‌లో ఒక టెలిగ్రామ్, 'మిస్సింగ్' అని. కొన్నాళ్లకు వచ్చిన ఉత్తరంలో 'మిస్సింగ్, బిలీవ్డ్ కిల్డ్' అని. తర్వాత ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు. వీటితోపాటు ఒక ఇన్లాండ్ లెటర్ మడతలు చిరిగిపోయి ఉంది. ఖైదు నుంచి విడుదలై వచ్చిన ఒక సిపాయి, అక్కడ తెలుగు మాట్లాడే మెకానిక్‌ను చూశానన్నాడని మరెవరో విని రాసిన ఉత్తరం అది. విన్నవాడు చెప్పినదాన్ని విన్నవాడు రాశాడు. దాని మీద సాక్ష్యంగా ఏమీ నిలబడదు. కానీ ఆ ఇంట్లో యాభై ఏళ్లుగా ఎక్కువసార్లు విప్పి చదివింది అదే ఉత్తరం అని దాన్ని చూస్తేనే తెలుస్తుంది.

పెన్షన్ కాగితాల మీద భార్య సంతకం గురించి ఇక్కడే చెప్పాలి. ఏడేళ్లపాటు ఒక మనిషి ఆచూకీ, అతని గురించి సహజంగా తెలియవలసినవాళ్లకు తెలియకపోతే చనిపోయినట్టు భావించవచ్చని 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షన్ చెప్పేది. ఇప్పుడు అదే సూత్రం భారతీయ సాక్ష్య అధినియమం 111వ సెక్షన్‌లో ఉంది. మరణాన్ని మాత్రమే అలా భావించవచ్చు, ఎప్పుడు చనిపోయాడన్నది ఆ సెక్షన్ చెప్పదు, అది వేరే నిరూపించుకోవాలి అని ఎల్‌ఐసీ వర్సెస్ అనురాధ కేసులో 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. సైన్యం విషయంలో పెన్షన్ కోసం ఇంకా ముందే మరణంగా నమోదు చేస్తారు, అది కుటుంబం ఆకలితో ఉండకూడదనే. మంచి ఏర్పాటే. కానీ ఆ కాగితం ప్రభుత్వానికి కావలసిన జవాబు మాత్రమే ఇస్తుంది. ఎక్కడ, ఎలా, దేహం ఏమైంది అన్నవి అలాగే ఉంటాయి. ఆ తేడా ఎవరూ విడమరచి చెప్పకపోవడంతో ఈ ఇంట్లో పెద్ద గొడవ అయింది. అన్నను బతికుండగానే చంపి సంతకం పెట్టిందని తమ్ముడు ఏళ్ల తరబడి ఆమెతో మాట్లాడలేదు. ఇరవై రెండేళ్ల పిల్ల, చంకలో బిడ్డ, చేతిలో అర్థంకాని ఇంగ్లిష్ ఫారం. ఆమె ఏం చేయాలి?

54 మంది జాబితాలో లేడు

కుటుంబం మొదట అడిగింది, "మా నాన్న ఆ 54 మందిలో ఉన్నాడా?" అని. 1979లో విదేశాంగ సహాయ మంత్రి సమరేంద్ర కుందు లోక్‌సభలో, పాకిస్తాన్ చెరలో ఉన్నట్టు భావిస్తున్న 40 మంది రక్షణ సిబ్బంది పేర్లు చెప్పారు. ఆ తర్వాత ఆ సంఖ్య 54 అయింది, ఆ పేరుతోనే స్థిరపడింది. 2007లో 14 మంది బంధువులు పాకిస్తాన్ వెళ్లి జైళ్లు చూసి వచ్చారు, తమవాళ్లెవరూ కనబడలేదు. ఈ మధ్యకాలపు విదేశాంగశాఖ ప్రకటనల్లో 83 మంది అనే అంకె కనిపిస్తుంది. తమ దగ్గర అలాంటివాళ్లెవరూ లేరని పాకిస్తాన్ మాట.

ఈయన పేరు ఆ జాబితాలో లేదు. కూతురు ముఖం వాడిపోయింది. నాకు ఇలాంటి కుటుంబాల్లో తరచూ కనిపించే విషయం ఇది: జాబితాలో పేరుంటే మనిషి ఎక్కడో ఉన్నట్టు, లేకపోతే ఎవరికీ పట్టనట్టు అనుకుంటారు. జాబితా అనేది పట్టుబడ్డాడని ఏదో ఒక ఆధారం ఉన్నవాళ్లది: రేడియోలో పేరు వినిపించిందనో, ఉత్తరం వచ్చిందనో. ఛంబ్‌లో ఆ రాత్రి నది దగ్గర ఏమైందో చూసినవాడు లేని మనిషికి ఆ రకం ఆధారం ఉండదు. జాబితాలో లేనంత మాత్రాన ఆయన గురించి వెతకవలసిన బాధ్యత తగ్గదు.

యుద్ధ ఖైదీ అయితే ఇంకో జాడ ఉండాలి. 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం ప్రకారం పట్టుబడిన ప్రతి సైనికుడికి, శిబిరానికి చేరిన వారంలోపు ఇంటికీ, జెనీవాలోని కేంద్ర ఏజెన్సీకీ, పట్టుబడ్డానని తెలిపే క్యాప్చర్ కార్డు రాసే హక్కుంది. రెడ్‌క్రాస్ ద్వారా అడిగాం. మనవాళ్ల పేర్లతో ఇక్కడ పెద్ద చిక్కు. కూతురు కవర్‌లోని కాగితాల్లోనే ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర, ఒకచోట ఒక్క అక్షరం, ఒకచోట అసలు లేదు. చదువు వచ్చిన పంజాబీ హవల్దారు ఒక తెలుగు ఇంటిపేరును విని రాస్తే ఎన్ని రూపాలొస్తాయో అన్ని రూపాలూ వేసి, తండ్రి పేరు, నంబరు జోడించి పంపాం. ఏ రూపంలోనూ కార్డు లేదని జవాబు వచ్చింది. కార్డు లేకపోవడం మరణానికి రుజువు కాదు. కానీ ఆ చిరిగిన ఉత్తరం కన్నా దీనికి బరువు ఎక్కువని కూతురికి నిదానంగా చెప్పాను. ఆమె అడ్డు చెప్పలేదు, ఒప్పుకోనూ లేదు.

రికార్డ్స్ ఆఫీసు

ఈఎంఈ రికార్డ్స్ ఆఫీసు సికింద్రాబాద్‌లోనే ఉంది. మల్కాజిగిరి నుంచి ఆటోలో వెళ్లేంత దూరం. ఆ కుటుంబంలో ఎవరూ ఎప్పుడూ వెళ్లలేదు, వెళ్లవచ్చని ఎవరూ చెప్పలేదు. భార్య చేత నెక్స్ట్ ఆఫ్ కిన్, అంటే అతి దగ్గరి బంధువు హోదాలో దరఖాస్తు పెట్టించాం.

దరఖాస్తులో ఇంటి చిరునామా దగ్గరే మొదటి తిరకాసు. పాత షీట్ రోల్‌లో, అంటే సైన్యంలోని ఆయన సేవా వివరాల పత్రంలో, 'తాలూకా భువనగిరి, జిల్లా నల్గొండ'. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, 2016లో ఆ ఊరు యాదాద్రి జిల్లాలోకి వెళ్లింది. భార్య ఆధార్‌లో మల్కాజిగిరి. మూడూ ఒకే కుటుంబమని తహసీల్దారు ఆఫీసు నుంచి కాగితం తెచ్చి జతచేయాల్సి వచ్చింది. మీరూ ఇలాంటి దరఖాస్తు పెట్టేట్టయితే ఈ కాగితం ముందే సిద్ధం చేసుకోండి, నెలలు కలిసొస్తాయి.

చివరికి మూడు వచ్చాయి: మరణ నమోదు తాలూకు పార్ట్ టూ ఆర్డర్ (సైన్యం జారీచేసే నమోదు ఉత్తర్వు) నకలు, కిండ్రెడ్ రోల్ (జవాను బంధువుల వివరాల పత్రం), ఎంక్వైరీలో ఒక తోటి డ్రైవర్ ఇచ్చిన వాంగ్మూలం.

వాంగ్మూలం పేజీన్నర. నది దాటుతుండగా ఒక రికవరీ బండి (చెడిపోయిన బండ్లను లాగేది) రేవులో దిగబడింది. దాన్ని లాగడానికి ముగ్గురు ఆగారు. అప్పుడే షెల్స్ పడ్డాయి. ముగ్గురిలో ఒకరు తెల్లవారేసరికి యూనిట్‌కు చేరుకున్నారు. మన జవాను, ఇంకొకరు చేరలేదు. రేవు ఎక్కడో మ్యాప్ మీద గ్రిడ్ నంబర్ కూడా రాశారు. ఈ ఒక్క కాగితంతో 'ఛంబ్ సెక్టార్' అనే పెద్ద మాట కాస్తా పడమటి గట్టు మీద ఒక చోటుకు కుదించుకుపోయింది. కూతురు దాన్ని ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం మీద చూసింది. నది ఇసుక, రెండు వైపులా పొలాలు. చాలాసేపు ఫోన్ కింద పెట్టలేదు.

మా పనికి ఆ వాంగ్మూలం ఇంకొకటి కూడా నేర్పింది. ఒకే చోట ఇద్దరు తప్పిపోయారు. రేపు ఆ ప్రాంతంలో ఎముకలు బయటపడితే అవి ఇద్దరివీ కలిసి ఉండవచ్చు. కాబట్టి ఒక్క కుటుంబం నమూనా ఉంటే చాలదు, రెండో కుటుంబానిదీ కావాలి.

పోల్చడానికి మనిషి లేకపోతే

"ఎముకలే దొరకనప్పుడు మా రక్తం ఇప్పుడెందుకు?" అని తమ్ముడు అడిగారు. డెబ్బై దాటిన మనిషి, ఊళ్లో వ్యవసాయం. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. జవాబుకు మన హైదరాబాద్ సీసీఎంబీ (జీవకణ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పాల్గొన్న పనే చెప్పాను.

పంజాబ్‌లో అమృత్‌సర్ దగ్గర అజ్నాలాలో ఒక పాత బావి నుంచి 2014లో పెద్ద సంఖ్యలో ఎముకలు బయటికి తీశారు. అవి ఎవరివన్న దాని మీద వాదోపవాదాలు నడిచాయి. దేశవిభజన నాటివని కొందరు, 1857లో తిరగబడి చంపబడిన 26వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫ్యాంట్రీ సిపాయీలవని కొందరు. డీఎన్ఏ, పళ్లలోని ఐసోటోపులు (పెరిగిన ప్రాంతాన్ని సూచించే మూలక రూపాలు) పరీక్షించి 2022లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు పంజాబీలు కారు, గంగా మైదానం వైపువాళ్లు అని తేలింది. సిపాయీల కథకు అది బలం. నూట అరవై ఏళ్ల తర్వాత అంత తెలియడం గొప్ప సంగతే. కానీ ఒక్కరి పేరు కూడా చెప్పలేకపోయారు. ఏ ప్రాంతంవాళ్లో ఎముకే చెప్పింది, ఏ ఇంటివాళ్లో చెప్పాలంటే ఆ ఇంటి మనిషి ఉండాలి. ఎవరున్నారు?

దీనికి ఎదురు ఉదాహరణ ఫాక్‌లాండ్ దీవులది. 1982 యుద్ధంలో చనిపోయిన అర్జెంటీనా సైనికుల్లో చాలామందిని అక్కడి డార్విన్ శ్మశానంలో పేరులేని సమాధుల్లో పూడ్చారు. 2016 చివర్లో బ్రిటన్, అర్జెంటీనా ఒప్పుకున్నాక, 2017లో రెడ్‌క్రాస్ బృందం 121 సమాధులు తవ్వి నమూనాలు తీసింది. ఆ ఏడాది డిసెంబర్‌కే 88 మంది పేర్లు తేలాయి. అంత త్వరగా ఎందుకు తేలాయంటే, తల్లులు, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు అప్పటికే నమూనాలు ఇచ్చి ఉన్నారు. ఒకదానితో ఒకటి యుద్ధం చేసిన దేశాలే ఒప్పుకున్న పని అది. మన దగ్గర ఎప్పుడు ఒప్పుకుంటారో తెలియదు. ఒప్పుకున్న రోజుకు మీరుండాలి, లేకపోతే మీ నమూనా అయినా ఉండాలి అన్నాను. తమ్ముడు చేయి చాపారు.

మేనరికం

ఇక అసలు పని. పాత ఎముక నుంచి తీసేందుకు మూడు రకాల డీఎన్ఏ ఉంటుంది. తల్లి నుంచి పిల్లలందరికీ వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ, తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్, ఇద్దరి నుంచీ సగం సగం వచ్చే మామూలు క్రోమోజోములు. కణానికి రెండే కాపీలుండే మామూలు డీఎన్ఏ నీళ్లలో, ఎండలో త్వరగా ముక్కలవుతుంది. మైటోకాండ్రియాది వందలు, వేల కాపీలుంటుంది కాబట్టి దశాబ్దాల తర్వాత కూడా మిగిలే అవకాశం ఎక్కువ. అందుకే తప్పిపోయిన సైనికుల కేసుల్లో ఎక్కడైనా తల్లివైపు బంధువుల కోసమే ముందు వెతుకుతారు. కన్న కూతురి దగ్గర తండ్రి మైటోకాండ్రియా ఉండదు, ఆమెది తల్లిదే.

ప్రపంచమంతటా చెప్పే ఈ మాట మన ఇళ్లలో అన్నిసార్లూ నిజం కాదు. మన జవాను పెళ్లి చేసుకుంది అక్క కూతురిని. భార్యకు తన మైటోకాండ్రియా తల్లి నుంచి, అంటే అక్క నుంచి వచ్చింది. అక్కకూ జవానుకూ అది ఒకే తల్లి నుంచి వచ్చింది. కాబట్టి భార్యకూ, ఆమె కన్న కూతురికీ, ఆ కూతురి పిల్లలకూ ఉన్నది జవాను మైటోకాండ్రియానే. మైటోకాండ్రియా నమూనాల విదేశీ లేబరేటరీ ఫారంలో 'భార్య' అని రాసి ఉన్న గడి పక్కన 'అవసరం లేదు' అని ఉండవచ్చు. మన దగ్గర ఆ గడి కొట్టేయకూడదు. తెలుగు కుటుంబాలతో పనిచేసే ఎవరైనా మొదటి ప్రశ్నగా అడగవలసింది, "మీది మేనరికమా?" అని.

ఇందులో మేలుతోపాటు చిక్కూ ఉంది. మామూలు క్రోమోజోముల లెక్క వేసే సాఫ్ట్‌వేర్, పెళ్లి చేసుకున్న ఇద్దరికీ రక్తసంబంధం లేదని అనుకుని మొదలుపెడుతుంది. తల్లి నమూనా పెట్టి కూతురి డీఎన్ఏలో తల్లి వాటా తీసేస్తే మిగిలింది తండ్రిదని తేలిగ్గా చెప్పవచ్చు. మేనమామ, మేనకోడలు దంపతులైతే ఇద్దరిలోనూ ఒకే రకం కనిపించే చోట్లు ఎక్కువ, ఏది ఎవరి వాటానో విడదీయడం కష్టం. వంశవృక్షాన్ని ఉన్నది ఉన్నట్టుగా, అక్క దగ్గర ముడిపడేలా గీసి లెక్క పెట్టించాలి. అలా గీయకుండా ఇచ్చిన అంకెను నేను నమ్మను, కోర్టు కూడా నమ్మకూడదు.

అక్క

పద్ధతి ప్రకారం మొదట కూతురి నమూనా, తర్వాత తమ్ముడిది తీయాలి. బంధుత్వం బలం బట్టి ఆ వరస. నేను మాత్రం వయసు బట్టి వెళతాను. అక్కకు తొంభై దాటాయి. ఊళ్లో చిన్న కొడుకు దగ్గర ఉంటుంది. ముందు అక్కడికే వెళ్లాం.

మంచంలో కూర్చుని ఆకు, వక్క దంచుకుంటోంది. చిన్న ఇత్తడి రోలు, నోట్లో పళ్లు లేవు కాబట్టి నమిలే పని రోలే చేస్తుంది. బుగ్గ లోపల నుంచి స్వాబ్ (దూదిపుల్లతో నమూనా) తీయాలంటే నోరు శుభ్రంగా ఉండాలి. నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగాలని చెబితే, "గంత సేపు ఆకు లేకుంట ఎట్లుంటది బిడ్డా" అని నవ్వింది. ఆగింది. ఎర్రటి నోట్లో నుంచి మొదటి రెండు స్వాబ్‌లకు రంగే వచ్చింది. అందుకని వేలి నుంచి రక్తపు చుక్కలు కూడా కార్డు మీద తీసుకున్నాం. ఆరబెట్టిన కార్డు గది ఉష్ణోగ్రతలోనే ఏళ్ల తరబడి ఉంటుంది, ఇలాంటి కేసులకు నేను దాన్నే నమ్ముకుంటాను. "గీ సుక్కల వాడు దొరుకుతడా?" అని అడిగింది. దొరికితే గుర్తుపట్టడానికమ్మా అన్నాను. ఆమె ఆ జవాబును తలాడించి తీసుకుంది.

ఆరే లోపు వంశం గురించి అడిగాం. ఫారం నింపుతూ అన్నదమ్ములెందరు, అక్కచెల్లెళ్లెందరు అని అడిగితే జనం ఫారానికి సరిపోయే జవాబే చెబుతారు. అందుకే నేను ఇంకొకటి అడుగుతాను: పెత్రమాస నాడు ఎవరెవరి పేరు మీద బియ్యం ఇస్తారు? తెలంగాణలో బతుకమ్మ మొదలయ్యే ఆ అమావాస్య నాడు, పోయిన పెద్దల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు ఇవ్వడం ఇంటింటి ఆచారం. ఆ పేర్ల వరసలో పొరపాటు ఉండదు, తేదీలు మరిచినవాళ్లు కూడా ఆ పేర్లు మరవరు. ఈ ఇంట్లో ఆమె చెప్పిన పేర్లలో జవాను పేరు లేదు. యాభై మూడు పెత్రమాసలు గడిచినా చేర్చలేదు. తల్లి వంతు వచ్చినప్పుడు రెండు పేర్లు చెప్పింది. రెండోది పెద్దమ్మదో, అమ్మమ్మదో అయి ఉంటుందని పక్కనున్న కూతురు అంది. నేను రెండూ రాసుకున్నాను.

ఫలితాలు వచ్చాక ఆ రెండో పేరు దగ్గరికే తిరిగి రావలసి వచ్చింది. నలుగురి మైటోకాండ్రియా ఒక్కటే, అది అనుకున్నదే. కానీ అక్కనూ తమ్ముడినీ పోలిస్తే, ఒకే తల్లిదండ్రుల పిల్లలైతే కలవవలసినంతగా కలవలేదు. మామూలు ఇరవై పైచిలుకు మార్కర్లతో (డీఎన్ఏలో పోల్చి చూసే చోట్లు) ఇలాంటివి గట్టిగా చెప్పలేం. వేల మార్కర్లతో మళ్లీ చేయించాం. సొంత తోబుట్టువులకు తల్లి వైపు, తండ్రి వైపు రెండూ ఒకేసారి కలిసే భాగం డీఎన్ఏలో దాదాపు పావు వంతు ఉంటుంది. వీళ్లిద్దరికీ అందులో సగమే ఉంది. పెత్రమాస బియ్యం దగ్గర చెప్పిన ఆ రెండు పేర్లతో కలిపి చూస్తే, తండ్రి ఒకరే, తల్లులు వేరు, మైటోకాండ్రియా మాత్రం ఒకటే. అంటే ఆ తల్లులిద్దరూ అక్కచెల్లెళ్లు అయి ఉండాలి.

దీన్ని ఎవరికి, ఎలా చెప్పాలి? నమూనా తీసుకునేటప్పుడే, ఇంట్లో తెలియని బంధుత్వాలు బయటపడవచ్చు, వాటిని ఎవరికి చెప్పాలో మీ ఇష్టం అని ఒక్కొక్కరి దగ్గరా విడిగా సంతకం తీసుకుంటాం. ఆ కాగితం కేవలం లాంఛనం అనుకునే సహోద్యోగులున్నారు. ఇలాంటి రోజు దాని విలువ తెలుస్తుంది. అక్క దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లి, మిగతావాళ్లు పొలంలో ఉన్నప్పుడు అడిగాను.

"మా అమ్మ నన్ను కన్న మూడేండ్లకే పోయింది. మా చిన్నమ్మనే మా నాయినకిచ్చి చేసిండ్రు. నన్ను సాకింది ఆమెనే. వాండ్లిద్దరు ఆమె కడుపుల పుట్టిండ్రు. నాకు అమ్మ అంటే ఆమెనే. ఇండ్ల దాచేది ఏమున్నది? ఎవలడిగిండ్రు గనుక."

తమ్ముడికి, కూతురికి చెప్పమని ఆమే అంది. తమ్ముడు విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, చిన్నప్పుడు తనను ఎత్తుకు తిరిగిన అక్క అక్కే కదా, కాగితం మీద ఏం రాసుకుంటారో రాసుకోండి అన్నారు.

కాగితం మీద రాసుకోవడమే ఇక్కడ ముఖ్యం. సొంత అక్క అయితే జవానుతో సగం డీఎన్ఏ కలవాలి. తండ్రి ఒకరై, తల్లులు అక్కచెల్లెళ్లయితే కలిసేది ఎనిమిదింట మూడొంతులే. మేనకోడలైన భార్యతో పంచుకునేది కూడా పావు నుంచి పంతొమ్మిది శాతం దగ్గరికి దిగుతుంది. కిండ్రెడ్ రోల్‌లో ఉన్నట్టు ఆమెను సొంత అక్కగా గీసి లెక్క పెట్టి ఉంటే, రేపు నిజంగా ఆయన ఎముకే వచ్చినా, తోబుట్టువైతే ఇంకా ఎక్కువ కలవాలి కదా అని లెక్క వెనకాడేది. సగం పాడైన ఎముక నుంచి అరకొర డీఎన్ఏ వచ్చినప్పుడు ఆ వెనకాడడమే 'తేల్చలేం' అనే జవాబుగా మారుతుంది. కిండ్రెడ్ రోల్ రాసిన గుమాస్తా తప్పేమీ చేయలేదు. 'సిస్టర్' అని అడిగాడు, 'సిస్టర్' అని చెప్పారు. అసలు సంగతి తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కరే మిగిలి ఉన్నారు, ఆమె వయసు తొంభై పైన. డీఎన్ఏ యంత్రంలోకి వెళ్లే ముందు పెద్దవాళ్ల మాట వినాలని నేను పదే పదే అనేది ఇందుకే. రక్తం మనవరాలి దగ్గరా దొరుకుతుంది. వంశవృక్షం మాత్రం ఆ ముసలమ్మ నోట్లోనే ఉంది.

ఇప్పుడు ఫైలు ఎక్కడుంది

మన దేశంలో తప్పిపోయినవాళ్ల బంధువుల డీఎన్ఏను ఒకచోట భద్రపరిచే జాతీయ బ్యాంకు చట్టబద్ధంగా ఇంకా ఏర్పడలేదు. 2019లో లోక్‌సభలో పెట్టిన డీఎన్ఏ టెక్నాలజీ బిల్లులో తప్పిపోయినవాళ్ల సూచికకు చోటుండేది. 2023 జూలైలో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు. ఆ బిల్లులో గోప్యతకు సంబంధించి అభ్యంతరాలు న్యాయమైనవే. నిందితుల డీఎన్ఏ ఉంచడం మీద ఉన్న భయాలు తీర్చడానికి సమయం కావాలంటే తీసుకోండి. కొడుకు కోసం, అన్న కోసం తమంతట తాము ముందుకొచ్చి నమూనా ఇచ్చే కుటుంబాలను దాని నుంచి విడదీసి, సైనికుల వరకైనా ఒక చిన్న ఏర్పాటు చేయడానికి అడ్డేముంది? తొంభై ఏళ్లవాళ్లు బిల్లుల కోసం ఆగలేరు.

ప్రస్తుతానికి నలుగురి కార్డులు రెండు సెట్లుగా ఉన్నాయి. ఒకటి లేబరేటరీలో, ఒకటి సీల్ వేసి కూతురి బ్యాంకు లాకర్‌లో. ప్రొఫైళ్లు, సరిచేసిన వంశవృక్షం, పేరు రూపాల జాబితా, రేవు గ్రిడ్ నంబరు కలిపి ఒక ఫైలుగా చేసి, ఒక ప్రతిని రికార్డ్స్ ఆఫీసులో జవాను పత్రాలకు జతచేయమని రాశాం. అందినట్టు రసీదు ఉంది.

రెండో జవాను చిరునామా మాకు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మా ఉత్తరాన్ని ఆ కుటుంబానికి పంపమని రికార్డ్స్ ఆఫీసునే కోరాం. ఈ మధ్య అనంతపురం వైపు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు, ఆయన అన్న మనవడట. ఇంట్లో ఆ తరంవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, తాత చెల్లెలు ఒకావిడ ఉందని, చెవులు సరిగా వినిపించవు గానీ పాత సంగతులన్నీ బాగా చెబుతుందని అన్నాడు. వాళ్లది కూడా మేనరికమేనట. ఆమె దగ్గరికి ముందు వెళుతున్నాం.